అనంతపురం నంబరా, బెంగళూరు నంబరా: కారు ఇన్సూరెన్స్‌కు ఏది మేలు?

"అన్నా, బండి మన ఊళ్లోనే రిజిస్ట్రేషన్ చేయిస్తే ఇన్సూరెన్స్ తక్కువ పడుతుందంట కదా?" దసరా దగ్గర పడిందంటే ఈ ప్రశ్న తప్పదు. అడిగేవాళ్లలో ఎక్కువమందికి ఇల్లు ఇక్కడ, ఉద్యోగం అక్కడ. కర్నూలు వాళ్లకు అక్కడంటే హైదరాబాద్, అనంతపురం వాళ్లకు బెంగళూరు, కడప వాళ్లకు చెన్నై. ఇన్సూరెన్స్ లెక్క మూడింటికీ ఒకటే కాబట్టి నాకు బాగా తెలిసిన అనంతపురం, బెంగళూరు పట్టుకుని చెప్తా.

తక్కువ పడే మాట నిజమే. ఎంత తక్కువో లెక్కేసి చూస్తే మాత్రం ఇంత చర్చ దీని కోసమా అనిపిస్తుంది.

థర్డ్ పార్టీ, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి కట్టే ప్రీమియానికి ఊరితో పనిలేదు. అది ప్రభుత్వం కట్టిన రేటు. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన పట్టికలో 1000 నుంచి 1500 సీసీ మధ్య కారుకు ఏడాదికి రూ.3,416. హిందూపురంలో అయినా ముంబైలో అయినా అంతే. ఊరిని బట్టి మారేది మన బండికి జరిగే నష్టానికి కట్టే ఓన్ డ్యామేజ్ భాగం ఒక్కటే. పాత మోటార్ టారిఫ్, అంటే అప్పట్లో కంపెనీలన్నీ పాటించిన రేట్ల పట్టిక, దేశాన్ని రెండు జోన్లు చేసింది. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై, ముంబై, ఢిల్లీ, కోల్‌కతా, పుణె, అహ్మదాబాద్ 'ఏ' (A) జోన్. మిగతా దేశమంతా 'బి' (B) జోన్. విజయవాడ, విశాఖ కూడా మనతోపాటు బి లోనే ఉన్నాయి. జోన్ తేల్చేది బండి తిరిగే రోడ్డు కాదు, రిజిస్టర్ అయిన ఆర్టీవో ఆఫీసు.

ఇప్పుడు లెక్క. ఐదేళ్ల లోపు 1200 సీసీ కారు, ఐడీవీ, అంటే పాలసీలో బండికి కట్టిన విలువ, 6 లక్షలు అనుకుందాం. టారిఫ్ రేటు 'ఏ' జోన్‌లో ఐడీవీ మీద 3.283 శాతం, బి జోన్‌లో 3.191 శాతం. బెంగళూరు నంబరుకు రూ.19,698, అనంతపురం నంబరుకు రూ.19,146. తేడా రూ.552. దీని మీద కంపెనీ రెండింటికీ ఒకే డిస్కౌంట్ ఇస్తే ఆ తేడా ఇంకా తగ్గుతుంది, చివర్లో 18 శాతం జీఎస్టీ కలుస్తుంది. ఈ డబ్బుతో అనంతపురం నుంచి బెంగళూరుకు ఒక వైపు పెట్రోలు కూడా రాదు.

మరి ఆన్‌లైన్‌లో రెండు ఊళ్లకూ కొట్టి చూస్తే వేలల్లో తేడా ఎందుకొస్తుంది అంటారు. 2007 జనవరి నుంచి ఓన్ డ్యామేజ్ రేట్ల విషయంలో కంపెనీలకు స్వేచ్ఛ వచ్చింది. ఏ ఆర్టీవో పరిధిలో, ఏ మోడల్‌కు ఎన్ని క్లెయిములు వస్తున్నాయో చూసుకుని ఎవరి డిస్కౌంట్ వాళ్లు ఇస్తున్నారు. బెంగళూరు సిల్క్ బోర్డ్ జంక్షన్ దగ్గర రోజూ సాయంత్రం బంపరుకు బంపరు ఆనించి నిలబడే బండికి గీతలు పడక తప్పదు. షెడ్డులో లేబర్ ఛార్జీ ఎక్కువ, దొంగతనాల భయం ఎక్కువ. అదంతా ప్రీమియంలోకి వస్తుంది. మన దగ్గర చిన్న దెబ్బలు తక్కువ. కానీ 44 నంబరు హైవే మీద తగిలితే అది చిన్న దెబ్బ కాదు. అందుకే ఒక కంపెనీ దగ్గర మనకు బాగా తగ్గుతుంది, ఇంకో కంపెనీ దగ్గర పెద్దగా తగ్గదు. రెండు మూడు చోట్ల అడగాల్సిందే. అడిగేటప్పుడు ఐడీవీ రెండు కొటేషన్లలోనూ ఒకటే ఉందో లేదో చూడండి. ఐడీవీ 50 వేలు తగ్గించేసి "మీకు తక్కువలో వేశా" అనే ఏజెంట్లు కొల్లలు.

ఇంతకీ డబ్బు ఎక్కడుందంటే నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ)లో. నా దృష్టిలో ఊరి కంటే పది రెట్లు ముఖ్యం ఇదే. మొదటి ఏడాది క్లెయిమ్ లేకపోతే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 20 శాతం తగ్గింపు, తర్వాత వరసగా 25, 35, 45, 50. పైన చెప్పిన అనంతపురం బండికి మూడేళ్లు క్లెయిమ్ లేదనుకోండి, 35 శాతం అంటే టారిఫ్ లెక్కలో రూ.6,701 తగ్గుతుంది. ఐదు వందల కోసం ఊరు మార్చాలని చూసేవాళ్లే తలుపు మీద గీత పడగానే "ఇన్సూరెన్స్ ఉంది కదా" అని షోరూమ్‌కు తోలుకుపోతారు. అక్కడ రూ.1,000 తప్పనిసరి కోత. అరుగుదల కింద కోత లేకుండా చేసే జీరో డెప్ కవర్ లేకపోతే ప్లాస్టిక్ బంపరు ఖరీదులో సగం మన జేబు నుంచే. ఆపై రెన్యువల్‌లో బోనస్ సున్నా, మళ్లీ 20 నుంచి ఎక్కాలి. నాలుగైదు వేలతో పోయే పని అయితే తెలిసిన పెయింటర్ దగ్గర చేయించుకోవడమే లాభం.

రిజిస్ట్రేషన్ సంగతికి వస్తే, బండి ఏడాదిలో ఎక్కువ రోజులు ఎక్కడ ఉంటుందో అక్కడే చేయించండి. మోటారు వాహనాల చట్టం ప్రకారం వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి. అంటే ఇక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం), కర్ణాటకలో మళ్లీ లైఫ్ ట్యాక్స్, ఇక్కడ కట్టిన దాంట్లో కొంత వెనక్కి రాబట్టుకోవడానికి చెప్పులరిగేలా తిరగడం. పది లక్షల బండికి ట్యాక్స్ రేటులో ఒక్క శాతం తేడా అంటేనే పది వేలు. అమ్మానాన్నల దగ్గరే ఉండి, పండక్కి, ఆసుపత్రికి బయటికి తీసే బండి అయితే కళ్లు మూసుకుని అనంతపురం నంబరే. రోజూ బెంగళూరులో ఆఫీసుకు పోయే బండికి కర్ణాటక (కేఏ) నంబరే నయం. నన్నడిగితే బండి ఇక్కడుండటానికే నా ఓటు, కానీ అది ఊరి మీద ప్రేమ, ఇన్సూరెన్స్ లెక్క కాదు.

కడప వాళ్లు చెన్నై వరదలు చూసి భయపడి ఊరి నంబరు చాలనుకుంటారు. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు తెగినప్పుడు రాజంపేట వైపు ఏం జరిగిందో, 2009 అక్టోబరులో కర్నూలు ఎలా మునిగిందో మనకు తెలియనిదా? నీళ్లు లాగి ఇంజిన్ పట్టేస్తే మామూలు పాలసీ ఇవ్వదు. ఏటి పక్కన ఇల్లుంటే ఇంజిన్ ప్రొటెక్షన్ వేయించుకోండి.

థర్డ్ పార్టీ ఒక్కటే తీసుకుంటే చాలదా అనేవాళ్లకు: పదిహేనేళ్ల బండికి చాలు. తిరిగిన కిలోమీటర్లను బట్టి కట్టే పాలసీలు షెడ్డులో ఉండే బండికి పనికొస్తాయి.

పాత బండి అమ్మి కొత్తది కొనేవాళ్లు ఒకటి చూసుకోండి. బోనస్ బండిది కాదు, ఓనరుది. అమ్మగానే కంపెనీ నుంచి ఎన్‌సీబీ లెటర్ తీసుకుంటే మూడేళ్ల వరకు చెల్లుతుంది. అనంతపురం బండి మీద వచ్చిన బోనస్ బెంగళూరు బండికీ పనికొస్తుంది. పాలసీ గడువు దాటి 90 రోజులు రెన్యువల్ చేయకపోతే మాత్రం ఏ ఊళ్లో సంపాదించిందైనా పోతుంది.