ఈనిన ఆవుకు చూలు: 60 రోజులకా, 90 రోజులకా?

“ఎద బాగానే కనిపిస్తోంది, తీగలు వేస్తోంది, ఈని 60 రోజులు దాటింది. అయినా చూలు నిలవడం లేదు. ఇంకో నెల ఆగమంటారా?” పాడి ఆవుల గురించి నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే.

ఈనిన 60 రోజులకే సెమెన్ వేయించాలనే వాదన బలమైనదే. చూడి కాలం సుమారు 280 రోజులు కాబట్టి ఏడాదికో ఈత కావాలంటే 85 రోజుల్లోపు చూలు నిలవాలి. ఒక్క ఎద జారిపోతే మరో 21 రోజులు పోతాయి. గర్భసంచి కూడా మామూలుగా 60 రోజులకల్లా సర్దుకుంటుంది.

నేను మాత్రం అండం వైపు నుంచి చూస్తాను. 60వ రోజున విడుదలయ్యే అండం ఆ వారంలో తయారైంది కాదు. దాన్ని మోసే చిన్న ద్రవపు సంచి, అంటే పుటిక (ఫాలికల్), పెరగడం మొదలై విడుదల దాకా రావడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అంటే అది పెరిగిందే ఆవు బాగా నలిగిన రోజుల్లో. ఈనాక పాలు పెరిగినంత వేగంగా మేత పెరగదు, ఆ లోటును ఆవు ఒంటి కొవ్వు కరిగించి పూడుస్తుంది. కరిగిన కొవ్వు ఆమ్లాలు రక్తంలోంచి పుటిక ద్రవంలోకీ చేరతాయి, గ్లూకోజు తగ్గుతుంది. ల్యాబులో ఆవు అండాలను అలాంటి ద్రవంలో ఉంచి చూస్తే, ఏడెనిమిది రోజుల పిండం దాకా ఎదిగేవి తగ్గాయి. పైకి ఎద చక్కగా ఉన్నా పిండం తొలి వారంలోనే ఆగిపోవచ్చు. ఆవు మళ్లీ 21 రోజులకే ఎదకొస్తుంది, తిట్లు మాత్రం సెమెన్ వేసినాయనకు!

2014లో అమెరికాలోని విస్కాన్సిన్ పరిశోధకులు హార్మోన్లతో ఎదను ఒకేలా కుదిర్చిన ఆవులను గమనించారు. ఈనిన తొలి 3 వారాల్లో ఒళ్లు తగ్గినవాటిలో 25 శాతమే చూలు కట్టాయి. నిలబెట్టుకున్నవాటిలో 38 శాతం, ఒళ్లు పెరిగినవాటిలో 83 శాతం. ఆ 83 ప్రతి మందలోనూ వస్తుందని ఆశపడకండి, తేడా ఎటువైపు ఉందో చూడండి.

కాబట్టి నా మొగ్గు ఆగడం వైపే, అయితే అన్ని ఆవులకూ కాదు. తోక మొదట్లో, తుంటి దగ్గర చెయ్యి పెట్టి చూడండి. ఒంటి పుష్టికి 1 (బక్క) నుంచి 5 (బాగా కొవ్విన) దాకా ఇచ్చే స్కోరులో ఈనిన రోజు కంటే అర మార్కుకు పైగా తగ్గితే 90 దాకా ఆగుతాను. తగ్గకపోతే 60కే చేయించేయొచ్చు. ఈనేటప్పటికే బాగా కొవ్విన ఆవుతో జాగ్రత్త, ఈనాక ఎక్కువ కరిగేది అదే.

హార్మోన్ ఇంజక్షన్లు ఎద తేదీని సరిచేస్తాయి, దెబ్బతిన్న అండాన్ని కాదు. పిండ మార్పిడి అయితే ఆ అండం ఊసే లేకుండా 7 రోజుల పిండాన్ని నేరుగా పెడుతుంది. ఖర్చు భరించగలిగినవాళ్లు చూడొచ్చు.

స్కోరును ఈనిన రోజే రాసిపెట్టుకోండి. రోజూ చూసే ఆవు 60వ రోజున కూడా మొదటినుంచీ అలాగే ఉన్నట్టు కనిపిస్తుంది.