పవర్ మీటర్: ఎడమ క్రాంకా, పెడల్సా, స్పైడరా? ఏది మేలు?

సైకిల్ తొక్కేటప్పుడు మన కాళ్ల పవర్‌ను వాట్లలో కొలిచే పవర్ మీటర్ కొనే ముందు అందరూ అడిగేది "ఏది ఎక్కువ కరెక్ట్?" అని. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది అది కాదు, మీ దగ్గర సైకిళ్లు ఎన్ని, తొక్కేది ఎక్కువగా రోడ్డు మీదా ఇంట్లో ట్రైనర్ (సైకిల్‌ను ఉన్నచోటే నిలిపి తొక్కనిచ్చే స్టాండ్) మీదా అన్నది.

మీటర్ ఎక్కడున్నా చేసే పని ఒకటే. మనం తొక్కే బలానికి లోహం కంటికి ఆననంత వంగుతుంది, ఆ వంపును స్ట్రెయిన్ గేజ్‌లు పట్టుకుంటాయి, అందులోంచి తేలిన టార్క్‌ను (తిప్పే బలాన్ని) తిరిగే వేగంతో గుణిస్తే వాట్లు వస్తాయి.

చవకలో దొరికేది ఎడమ క్రాంక్ (పెడల్‌ను పట్టి ఉండే కడ్డీ) మీటర్. ఎడమ కాలి పవర్‌ను మాత్రమే కొలిచి రెండుతో గుణించేస్తుంది. మీ ఎడమ కాలి వాటా 48 శాతం, కుడిది 52 అనుకోండి (ఈ మాత్రం తేడా చాలామందికి ఉంటుంది), మీరు నిజంగా 250 వాట్లు తొక్కుతుంటే అది 240 చూపిస్తుంది. రోజూ అంతే తక్కువ చూపిస్తే నష్టమేముంది, లెక్క లెక్కే కదా అంటారు. అక్కడే ఉంది చిక్కు: అలసిపోయాకో, గట్టిగా నొక్కినప్పుడో ఆ వాటా మారిపోవచ్చు, అంటే తప్పు కూడా ఒకేలా ఉండదు, మూడో గంటలో వాట్లు పడిపోతే ఓపిక తగ్గిందా, బరువు కుడి కాలి మీదకు జరిగిందా అన్నది ఆ అంకె చూసి చెప్పలేం.

అలాగని తీసిపారేయక్కర్లేదు. ఎఫ్‌టీపీ (దాదాపు గంటసేపు నిలబెట్టగలిగే గరిష్ఠ పవర్) 250 ఉన్నవాళ్లకి థ్రెషోల్డ్ జోన్ (ఎఫ్‌టీపీలో 91 నుంచి 105 శాతం) దాదాపు 228 నుంచి 262 వాట్ల దాకా ఉంటుంది. అంత వెడల్పు జోన్‌లో పది వాట్లు అటూ ఇటూ అయితే ఇంటర్వెల్స్ (కాసేపు గట్టిగా, కాసేపు తేలిగ్గా మార్చి మార్చి తొక్కే సాధన) ఏమీ పాడవవు. కాలికి దెబ్బ తగిలి కోలుకుంటున్నవాళ్లు మాత్రం దీని జోలికి పోకపోవడమే మంచిది.

రెండు సైకిళ్లు ఉంటే ఇక ఆలోచించక్కర్లేదు, పెడల్సే. ఫవేరో అస్సియోమా, గార్మిన్ ర్యాలీ లాంటివి ఒక సైకిల్ నుంచి విప్పి ఇంకోదానికి బిగించడం నిమిషాల పని, ఎడమ పెడల్ మర రివర్స్ అని గుర్తుంటే చాలు. డ్యూయల్ (రెండు పెడల్స్‌లోనూ మీటర్ ఉన్నది) తీసుకుంటే రెండు కాళ్లనూ విడివిడిగా కొలుస్తుంది. రెండు విషయాలు చూసుకోండి. ఒకటి క్లీట్ (షూ అడుగున పెడల్‌కి తగులుకునే ముక్క): మీ షూలకున్నది ఆ పెడల్‌కి సరిపోతుందా? రెండోది క్రాంక్ పొడవు: 172.5 మిల్లీమీటర్ల క్రాంక్‌కి మార్చి యాప్‌లో 170 అనే వదిలేస్తే దాదాపు ఒకటిన్నర శాతం తక్కువ చూపిస్తుంది. సైకిల్ పడితే మొదట నేలకు తగిలేవాటిలో పెడల్ ఒకటి, ఆ టెన్షన్ ఎలాగూ ఉంటుంది.

క్రాంక్‌ను చెయిన్ పళ్ల చక్రానికి కలిపే భాగంలో ఉండే స్పైడర్ మీటర్ (క్వార్క్, ఎస్‌ఆర్‌ఎం లాంటివి) రెండు కాళ్ల బలాన్నీ కలిపి కొలుస్తుంది, దెబ్బలకు దూరంగా ఉంటుంది, ఒకసారి బిగించాక దాని ఊసే ఎత్తక్కర్లేదు. ఎడమ కుడి వాటా చూపించినా అది అంచనాయే. ఇంకో సైకిల్‌కి మార్చడం మాత్రం తలనొప్పి. ఒకే సైకిల్‌తో రేసులకు వెళ్లేవాళ్లకి నేను చెప్పేది ఇదే.

వెనక చక్రం మధ్యలో ఉండే హబ్ మీటర్లు ఇప్పుడు అరుదు. చెయిన్‌లో పోయే పవర్ పోగా మిగిలిందే కొలుస్తాయి కాబట్టి కాస్త తక్కువ చూపిస్తాయి.

ఇక ఎప్పుడూ ఇంట్లోనే తొక్కేవాళ్లు అసలు ఏదీ కొనకండి, స్మార్ట్ ట్రైనర్‌లోనే పవర్ వస్తుంది. ఇంట్లో, బయట రెండూ అయితే ట్రైనర్ అంకె, మీటర్ అంకె కలవకపోవచ్చు, అప్పుడు ఇంట్లో కూడా యాప్‌కి మీటర్‌నే పవర్ సోర్స్‌గా ఇవ్వండి, లేకపోతే ఇంట్లో పెట్టుకున్న ఎఫ్‌టీపీ రోడ్డు మీద అబద్ధమవుతుంది. ఏ మీటరైనా బయలుదేరే ముందు జీరో ఆఫ్‌సెట్ (బలం పడనప్పుడు అంకె సున్నా ఉండేలా సరిచేయడం) చేయండి, అదీ గదిలోంచి తెచ్చిన వెంటనే కాదు, సైకిల్ బయటి వేడికో చలికో కాసేపు సర్దుకున్నాక.