చేప పకోడీకి మైల్డ్ బీరు, మిరపకాయ బజ్జీకి ఐపీఏ వద్దు

లండన్‌లో కోవెంట్ గార్డెన్ దగ్గర ఒక రెస్టారెంట్ బయట బోర్డు పెట్టారు: మూడు ఇండియన్ చిరుతిళ్లు, వాటికి జోడీగా మూడు ఇంగ్లిష్ డ్రింకులు, మనిషికి 38 పౌండ్లు. నేను, మా ఆవిడ, బర్మింగ్‌హామ్‌లో ఉండే మా బావ ముగ్గురం లోపలికి వెళ్లాం. మాకు జరిగింది ఇంకొకరికి జరగకూడదని రాస్తున్నాను.

మొదటి జోడీ పానీపూరీ, జిన్ టానిక్. పూరీల్లో నీళ్లు వంటగదిలోనే పోసేసి తెచ్చారు. మా ముందుకొచ్చేసరికి అడుగులు మెత్తబడి కారిపోతున్నాయి. పానీపూరీ అన్నాక పోసిన మరుక్షణం నోట్లో పడాలి కదా! పైగా టానిక్‌లో ఉండేది క్వినైన్ చేదు. చింతపండు పులుపు మీద అది పడితే రెండు రుచులూ చెడతాయి. తర్వాత మిరపకాయ బజ్జీ, 6.5 శాతం ఆల్కహాల్ ఉండే ఐపీఏ అనే చేదు బీరు. ఆల్కహాల్ మిరప మంటను పెంచుతుంది, ఆ బీరులోని గ్యాసు, హాప్స్ అనే పూల చేదు దానికి తోడు. బజ్జీలో వాము లేదు, ఉల్లిపాయ ముక్కలు లేవు, నిమ్మచెక్క కూడా లేదు. మూడోది సమోసా, సైడర్ అనే పులియబెట్టిన ఆపిల్ రసం. జోడీ మంచిదే, సమోసా మాత్రం చల్లారిపోయింది.

మా ఆవిడ మందు ముట్టదు. మందు లేని అల్లం డ్రింకు జింజర్ బీర్ ఇవ్వమంటే సెట్ మెనూ మార్చం అన్నాడు వెయిటర్. పాపం మంచినీళ్లతో తిన్నది, 38 పౌండ్లూ కట్టాం. మొత్తం 114, దాని మీద పన్నెండున్నర శాతం సర్వీస్ చార్జి కలిపి 128.25. బిల్లులో ఆ చార్జి 'ఐచ్ఛికం' అనే ఉంది. బావ గట్టిగా అడిగి తీయించాడు. మీరూ అడగండి, మొహమాటపడకండి. 14.25 తగ్గింది గానీ ఆవిడ రైలెక్కేదాకా నోరు విప్పలేదు.

మర్నాడు సాయంత్రం బావ మమ్మల్ని బర్మింగ్‌హామ్ నుంచి ట్రామ్‌లో వెస్ట్ బ్రామిచ్ తీసుకెళ్లాడు. ఆ చుట్టుపక్కల దేశీ పబ్బులు చాలా ఉన్నాయి. పాత ఇంగ్లిష్ పబ్బునే పంజాబీ కుటుంబం నడుపుతుంది, వెనకాల బొగ్గుల మీద గ్రిల్. పక్కనే ఉన్న స్మెథిక్‌లో 1960ల్లో ఫౌండ్రీ పని చేసొచ్చిన మనవాళ్లకు కొన్ని పబ్బుల లౌంజ్‌లో, అంటే కాస్త మంచి గదిలో, బీరు పోసేవాళ్లు కాదు. 1965 ఫిబ్రవరిలో అమెరికా నల్లజాతి నాయకుడు మాల్కమ్ ఎక్స్ స్మెథిక్ వచ్చి, ఇండియన్ వర్కర్స్ అసోసియేషన్ వాళ్లతో బ్లూ గేట్స్ పబ్బుకు వెళితే ఆయనకూ లౌంజ్‌లో పోయలేదు. అలాంటి వివక్షను నిషేధించే చట్టం ఆ ఏడాదే వచ్చింది. ఇప్పుడు అదే ప్రాంతంలో తెల్లవాళ్లూ పంజాబీలూ ఒకే బల్ల దగ్గర కూర్చుని పకోడీ తింటుంటే నాకు చాలా సంతోషమేసింది.

చేప పకోడీ 7.50. శనగపిండి పల్చగా పట్టి, వాము వాసన ముందే వస్తోంది. దానికి బావ డార్క్ మైల్డ్ చెప్పాడు, హాఫ్ పైంట్ 2.10. మూడున్నర శాతమే ఉంటుంది, హాప్స్ తక్కువ, వేయించిన బార్లీ గింజల తీపి. పెరుగన్నంలో ఊరమిరపకాయ ఎలా కుదురుతుందో అలా కుదిరింది. చిల్లీ పనీర్ 8, దానికి నేను హాఫ్ సైడర్ తీసుకున్నా, 2.50. ఆ పులుపు నూనెను కడిగేస్తుంది. మసాలా చిప్స్ 4.50. మా ఆవిడ జింజర్ బీర్ 2.80. చిప్స్‌తో దాని అల్లం ఘాటు ఆవిడకు ఎంత నచ్చిందంటే బావను చూసి, "అన్నయ్యగారూ, నిన్న ఇక్కడికే తీసుకురావాల్సింది" అంది. బావకూ నాకూ చెరో మైల్డ్‌తో కలిపి మొత్తం 29.50. కౌంటర్ దగ్గర మనమే ఆర్డర్ చెప్పాలి, సర్వీస్ చార్జి లేదు.

లీసెస్టర్ ఊళ్లో బెల్‌గ్రేవ్ రోడ్‌లో తిన్న కచోరీకి ఎల్డర్‌ఫ్లవర్ అనే పూల రసం కలిపిన నీళ్లు హాయిగా కుదిరాయి. ఆ పూలరసం తీపి కాబట్టి చింతపండు చట్నీ తక్కువ వేయించుకోండి.

దేశీ పబ్బుకు వారం మధ్యలో సాయంత్రం వెళ్లండి. వెస్ట్ బ్రామిచ్‌లోని హాథార్న్స్ స్టేడియంలో ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న రోజు వద్దు, నిలబడే చోటు దొరకదు. గ్రిల్ ఎప్పుడు వెలిగిస్తారో ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి. లండన్ దాటే వీల్లేనివాళ్లు అక్కడే పంజాబీలు ఎక్కువగా ఉండే సౌతాల్‌లో వేడి సమోసాలు, సూపర్‌మార్కెట్‌లో తీపి తక్కువుండే డ్రై సైడర్ కొనుక్కుని గదికి తెచ్చుకోండి.