మపాసా ‘బూల్ ద స్విఫ్’: పెద్దమనుషుల బండిలో ఒక వేశ్య

ఫ్రెంచ్ రచయిత మపాసా 1880లో ప్రచురించిన ఈ పెద్దకథను ఏకబిగిన చదివాను. ప్రష్యా (జర్మన్ రాజ్యం) సైన్యం ఆక్రమించిన ఫ్రెంచ్ నగరం రువాఁ నుంచి మంచులో బయలుదేరిన బండిలో పదిమంది. వాళ్లలో ఒకామె వేశ్య, కథ పేరు ఆమె మారుపేరే. దారిలో ఆకలికి తాళలేక ఆమె బుట్టలోని కోడిమాంసం లాగించిన పెద్దమనుషులే, బండి కదలాలంటే దాన్ని ఆపేసిన శత్రు అధికారి దగ్గరికి వెళ్లక తప్పదని ఆమెను ఒప్పిస్తారు. ఆ ఒప్పించే తీరులోనే ఉంది రచయిత సత్తా అంతా: అందంతో శత్రువులను లొంగదీసిన జూడిత్, క్లియోపాత్రాల కథలు, చివరికి సన్యాసిని నోట ధర్మసూక్ష్మం! పని అయ్యాక ఆమె అంటరానిదవుతుంది, ఎవరి తిండి వాళ్లు విప్పుకుంటారు. బండిలోని ప్రభువంశపు కౌంట్ దంపతులు మాత్రం కాస్త పలచని పాత్రలు. ‘ఇది నీచం’ అని గద్దించిన ప్రజాస్వామ్యవాది కొర్నుదే మీదే నాకు ఎక్కువ కోపం. ఏడుస్తున్న ఆమె ముందే, గడ్డంలో పచ్చసొన రాలుతుండగా, నాలుగు గుడ్లూ తానే తింటాడు.