కరెంటు ఉన్నా పోయినా అదే స్కోరు: మూడున్నరేళ్ల గేమింగ్ ల్యాప్‌టాప్ అనుభవం

మూడున్నరేళ్లుగా వాడుతున్న నా గేమింగ్ ల్యాప్‌టాప్ మీద నాకున్న కోపమంతా ఒక్క విషయం గురించే: తనకు తిండి చాలడం లేదని అది నోరు తెరిచి చెప్పదు. వేడెక్కితే ఫ్యాన్లతో అరుస్తుంది, బ్యాటరీ అడుగంటితే ఎర్రదీపం వెలిగిస్తుంది. అడాప్టర్ నుంచి అందవలసిన శక్తి అందనప్పుడు మాత్రం చడీచప్పుడు లేకుండా వేగాన్ని సగానికంటే కిందికి దించుకొని, ఏమీ జరగనట్టే పనిచేస్తూ పోతుంది. 2025 మే నెలలో దాదాపు మూడు వారాల పాటు నేను ఈ మౌనాన్ని అర్థం చేసుకోలేకపోయాను. బోర్డు మార్చడానికి 38,000 రూపాయలు పెట్టడానికి కూడా సిద్ధపడ్డవాణ్ణి, ఒక సాయంత్రం గాలిదుమారానికి కరెంటు పోవడం వల్ల బతికిపోయాను.

నేను హనుమకొండలో జూనియర్ కళాశాల విద్యార్థులకు భౌతికశాస్త్రం చెబుతాను. తరంగాలు, డోలనాలు వంటి పాఠాలకు బ్లెండర్ అనే ప్రోగ్రాంలో చిన్న చిన్న త్రీడీ యానిమేషన్లు చేసుకుంటాను, రాత్రి పిల్లలు పడుకున్నాక ఓ గంట గేమ్ ఆడుకుంటాను. ఈ రెండింటి కోసం 2022 జూన్‌లో ఎన్విడియా వారి ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ చిప్పు ఉన్న ల్యాప్‌టాప్ కొన్నాను. మిగతా వివరాలు ఏ ప్రకటనలోనైనా దొరుకుతాయి కనుక వదిలేస్తున్నాను. ఒక్క సంగతి మాత్రం చెప్పక తప్పదు. ఈ చిప్పుకు ఎంత విద్యుత్తు ఇవ్వాలో ల్యాప్‌టాప్ తయారీదారు నిర్ణయిస్తాడు, 60 వాట్ల నుంచి 115 వాట్ల వరకు ఎంతైనా ఇవ్వవచ్చు. పెట్టె మీద పేరు ఒకటే ఉన్నా లోపలి సత్తా ఒకటి కాదు. నాది 115 వాట్ల రకం; దుకాణాలన్నీ తిరిగి, ఆ చిన్న అక్షరాలను వెతికి మరీ కొన్నాను. అంత వెతికి కొన్న వాట్లే ఒకనాడు నాకు తెలియకుండా మాయమవుతాయని అప్పుడు అనుకోలేదు.

ఏ పరికరమైనా కొన్న మొదటి రోజునే కొలిచి నోటుబుక్కులో రాసుకోవడం నా అలవాటు. గ్రాఫిక్స్ వేగాన్ని కొలిచే టైమ్ స్పై అనే పరీక్షను ఎంచుకున్నాను. విండోస్ గేములు గ్రాఫిక్స్ చిప్పుతో మాట్లాడేందుకు వాడే డైరెక్ట్ఎక్స్ 12 మీద అది నడుస్తుంది. మన తెర ఎంత చిన్నదైనా లోపల బొమ్మను 2560 × 1440 పరిమాణంలోనే గీస్తుంది కనుక ఎప్పటి ఫలితాన్నైనా ఎప్పటి ఫలితంతోనైనా పోల్చుకోవచ్చు. రెండు గ్రాఫిక్స్ భాగాలు, ఒక ప్రాసెసర్ భాగం ఉంటాయి, దేని స్కోరు దానికి విడిగా చూపిస్తుంది. కొత్తలో నాకు వచ్చిన గ్రాఫిక్స్ స్కోరు 8,540.

కొన్న నెల రోజులకు మా సహోద్యోగులకు ఈ యంత్రాన్ని తెగ పొగిడాను, ఒకరిచేత అదే కంపెనీది కొనిపించాను కూడా. ఆ పొగడ్తల్లో కొన్నింటిని ఇప్పుడు కాస్త సవరించుకోవాలి. శబ్దం తక్కువ అన్నాను. అది జూలై వానల్లో అన్న మాట. మే నెలలో మా గదిలో కూలర్ తిరుగుతున్నా ల్యాప్‌టాప్ ఫ్యాన్ల చప్పుడే పైచేయిగా వినిపిస్తుంది. శీతలీకరణ అద్భుతం అన్నాను. బయట 43 డిగ్రీలు ఉన్న రోజుల్లో స్కోరు 8,150 దాకా జారుతుందని రెండో ఏడాది తెలిసింది, అందులో సగం పాపం ఫ్యాన్ల వెనుక రెక్కల్లో పేరుకున్న దుమ్ముది. రెండు వేళ్లతో పట్టుకొని లాగితే దూది పొరలా ఊడి వచ్చింది. మా వీధి చివర అప్పుడు అపార్టుమెంటు కడుతున్నారు, కాబట్టి ఆ నేరాన్ని పూర్తిగా యంత్రం మీదకు నెట్టను. మెమరీ (ర్యామ్) మాత్రం ఒకే కర్ర పెట్టి అమ్మారు. నేను దానికి జతగా ఇంకొకటి వేశాక టైమ్ స్పై గ్రాఫిక్స్ స్కోరు పెద్దగా కదలలేదు గానీ, గేముల్లో మధ్య మధ్య వచ్చే తడబాటు చాలావరకు పోయింది. బెంచ్‌మార్కు చెప్పని సంగతులు కూడా ఉంటాయని నాకు తెలిసింది అక్కడే.

ఇక అసలు కథ. 2025 మే మొదటి వారంలో వేసవి సెలవులు కదా అని వచ్చే ఏడాది పాఠాల కోసం ఒక యానిమేషన్‌ను రెండర్‌కు, అంటే బొమ్మలన్నీ గీసి వీడియోగా మార్చే పనికి, పెట్టాను. మామూలుగా నలభై నిమిషాల్లో అయ్యే పని గంటన్నర దాటినా సాగుతూనే ఉంది. టైమ్ స్పై నడిపితే గ్రాఫిక్స్ స్కోరు 3,910 వచ్చింది. ఎక్కడో పొరపాటు జరిగిందని మళ్లీ నడిపాను, 3,880.

వేసవిలో వరంగల్‌లో ఏ యంత్రం మొరాయించినా ముందు ఎండనే తిడతాం. నేనూ అదే చేశాను. వెనుక మూత విప్పి దుమ్ము తుడిచాను, పెద్దగా లేదు. గ్రాఫిక్స్ చిప్పును నడిపే డ్రైవర్ ప్రోగ్రాంను పూర్తిగా తీసేసి మళ్లీ వేశాను. తెరకు బొమ్మ నేరుగా గ్రాఫిక్స్ చిప్పు నుంచే వెళ్లేలా మక్స్ స్విచ్ మార్చి చూశాను. నాలుగో రోజున హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక దుకాణంలో, చిప్పు వేడిని బయటికి చేరవేసే థర్మల్ పేస్టు మార్పించాను. ఇంటికి వచ్చి కొలిస్తే పరీక్ష నడుస్తుండగా చిప్పు ఉష్ణోగ్రత 58 డిగ్రీలు మాత్రమే ఉంది. ఇదివరకు అదే పరీక్షలో 80 దాటేది. పేస్టు బ్రహ్మాండంగా పనిచేసిందని ఆ దుకాణదారుకు ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నాను. స్కోరు మాత్రం 3,900 దగ్గరే ఉండిపోయింది.

ఇరవై ఏళ్లుగా పిల్లలకు ఉష్ణగతికశాస్త్రం చెబుతున్నవాణ్ణి, ఆ 58 డిగ్రీల దగ్గర ఆగి ఆలోచించవలసింది. చిప్పు వేడెక్కి మందగిస్తే థర్మామీటరు హద్దు దగ్గర నిలబడాలి. చల్లగా ఉంటూ మందగించిందంటే అది తినవలసినంత విద్యుత్తు తినడం లేదన్నమాట. పేస్టు గొప్పతనం కాదు అది, పస్తు లక్షణం. ఆ వివేకం నాకు ఆ రోజు కలగలేదు.

వారాంతానికి హైదరాబాదు నుంచి వచ్చిన మా తమ్ముడు ఓ అరగంట ఆడి చూసి, “అన్నా, దీని పని అయిపోయింది, అమ్మెయ్ ఇగ” అన్నాడు. వాడికి ఎప్పుడూ కొత్త మోడల్ మీదే కన్ను. మళ్లీ దుకాణానికి తీసుకుపోతే అతను కాసేపు అటూ ఇటూ చూసి, “చిప్పు వీకైంది సార్. ఇది బోర్డుకే అతికి ఉంటది, విడిగ మార్చరాదు. బోర్డే మార్చాలె” అని 38,000 చెప్పాడు. అతను మోసం చేశాడని అనను. స్కోరు సగానికి పడిపోయిందని నేనే చెప్పాను, గ్రాఫిక్స్ సమస్య అని కూడా నేనే పేరు పెట్టాను. రోగి తానే రోగం పేరు చెబితే వైద్యుడు ఆ రోగానికే మందు రాస్తాడు. మర్నాడు అడ్వాన్సు ఇస్తానని వచ్చేశాను.

ఆ సాయంత్రం ఆకాశం ఎర్రబారి గాలిదుమారం లేచింది, మా పేటంతా కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద ఫ్యాను, ఒక లైటు మాత్రమే నడుస్తాయి, ల్యాప్‌టాప్ ఉన్న ప్లగ్గుకు ఆ కనెక్షన్ లేదు. చేసేదేమీ లేక, చివరిసారిగా కదా అని బ్యాటరీ మీదే టైమ్ స్పై నడిపాను. ఇలాంటి ల్యాప్‌టాప్‌లు బ్యాటరీ మీద గ్రాఫిక్స్ చిప్పుకు చాలా తక్కువ విద్యుత్తు ఇస్తాయి, ప్లగ్గు పెట్టినప్పటి స్కోరులో సగం కూడా రాకపోవడం మామూలే. వచ్చిన స్కోరు 3,860.

ఆ అంకె చూసి చాలాసేపు కదలలేదు. కరెంటు ఉన్నప్పుడు 3,900, లేనప్పుడు 3,860. అంటే మూడు వారాలుగా గోడకు తగిలించి ఉన్నా, ఈ యంత్రం తన ప్రాణం బ్యాటరీ మీదే ఉన్నట్టు జాగ్రత్తపడుతోంది. నోటుబుక్కు తీసి చూస్తే రెండో సాక్ష్యం కూడా అక్కడే ఉంది. గ్రాఫిక్స్ స్కోరుతో పాటు ప్రాసెసర్ స్కోరు కూడా సగానికి పడిపోయింది. నా చేతితోనే రాసుకున్నాను, కానీ దాని వైపు చూడనేలేదు. గ్రాఫిక్స్ చిప్పు ఒక్కటే పాడైతే ప్రాసెసర్ ఎందుకు నీరసపడుతుంది?

కరెంటు వచ్చాక ఎన్విడియా డ్రైవర్‌తో పాటే వచ్చే, చిప్పు ఎన్ని వాట్లు తింటోందో చూపే ఎన్విడియా-ఎస్ఎంఐ ఆదేశాన్ని కమాండ్ తెరలో ఇచ్చి చూశాను. పరీక్ష నడుస్తున్నంతసేపూ చిప్పు 38 వాట్ల దగ్గరే ఉంది. జీపీయూ-జడ్ అనే ఉచిత ప్రోగ్రాంలో పనితీరును ఏది అడ్డుకుంటోందో చూపే వరుస ఒకటి ఉంటుంది. అందులో ఉష్ణోగ్రతకు సంబంధించిన గుర్తు లేదు, విద్యుత్తు పరిమితి గుర్తు ఒక్కటే మొదటి నుంచి చివరిదాకా నిలిచి ఉంది. స్కోరు పడిపోయినప్పుడు మూత విప్పే ముందు చూడవలసినవి ఈ రెండే. నాకు ఐదు నిమిషాల పని, మూడు వారాల తరువాత చేశాను.

అప్పుడు అడాప్టర్‌ను అనుమానించాను. మల్టీమీటర్ పెట్టి చూస్తే గోడ దగ్గర 228 వోల్టులు, అడాప్టర్ చివర 19.5 వోల్టులు, రెండూ సరిగ్గానే ఉన్నాయి. ఇక్కడే చాలామంది అడాప్టర్ బాగుందని తీర్పు ఇచ్చేస్తారు. అయితే ఈ గుండ్రటి ప్లగ్గు మధ్యలో సన్నని సూది ఒకటి ఉంటుంది. లోపలి గొట్టం, బయటి గొట్టం విద్యుత్తును మోస్తాయి. ఆ సూది మోసేది సమాచారాన్ని. “నేను ఇన్ని వాట్ల అడాప్టర్‌ను” అని అది ల్యాప్‌టాప్‌కు చెబుతుంది. కొన్ని కంపెనీలు దీనికోసం అడాప్టర్‌లో ఒక నిరోధకాన్ని, మరికొన్ని చిన్న మెమరీ చిప్పును పెడతాయి. ఆ మాట వినపడకపోతే, వచ్చినవాడు ఎవడో తెలియదు కనుక ల్యాప్‌టాప్ ఎక్కువ విద్యుత్తు లాగడానికి జంకుతుంది, కొన్ని మోడళ్లలో బ్యాటరీని నింపడం కూడా ఆపేస్తుంది. నిజానికి నాదీ ఆపేసింది. కానీ ఎప్పుడూ ప్లగ్గులోనే ఉంటుంది కదా అని బ్యాటరీ 80 శాతం దగ్గర ఆగేలా నేనే పెట్టుకున్నాను, అందువల్ల “చార్జింగ్ కావడం లేదు” అన్న మాట నా కంటికి రోజూ కనిపించే మామూలు మాటే. అది 80 నుంచి 74కు దిగినా బ్యాటరీ ముసలిదైందని సరిపెట్టుకున్నాను.

బయోస్ తెర, అంటే విండోస్ మొదలవడానికి ముందు వచ్చే సెట్టింగుల తెర, తెరిస్తే అడాప్టర్ ఎదురుగా “తెలియని రకం” అని ఉంది. అదే పేజీలో, కాస్త కింద, అడాప్టర్ హెచ్చరికలు చూపాలా వద్దా అనే ఎంపిక ఉంది. అది ఆపేసి ఉంది. ఎవరు ఆపారని మా తమ్ముణ్ణి ఫోన్‌లో గద్దించబోయి, మధ్యలోనే గుర్తొచ్చింది. కొన్న మొదటి ఏడాది కరీంనగర్‌లో మూల్యాంకనానికి వెళ్లినప్పుడు బరువు తగ్గుతుందని చిన్న 90 వాట్ల అడాప్టర్ పట్టుకుపోయాను. ఆన్ చేసినప్పుడల్లా వచ్చే హెచ్చరిక విసుగు పుట్టించి నేనే దాన్ని ఆపేశాను. కాబట్టి నా కోపంలో కొంత వాటా నాకే చెందుతుంది. అయినా పూర్తిగా విడిచిపెట్టను: ఆన్ చేసేటప్పుడు క్షణకాలం కనిపించే ఆ ఒక్క హెచ్చరిక తప్ప, విండోస్ లోపల, కంపెనీ ఇచ్చిన రంగురంగుల కంట్రోల్ ప్రోగ్రాంలో, ఎక్కడా ఒక్క ముక్క కూడా లేదు. కీబోర్డు దీపాల రంగు మార్చడానికి నాలుగు పేజీలు పెట్టినవారు ఈ వాక్యానికి చోటు లేకుండా చేశారు.

మర్నాడు, నేను కొనిపించిన ఆ సహోద్యోగి ఇంటికి వడ్డేపల్లి వెళ్లి ఆయన 180 వాట్ల అడాప్టర్ పెట్టి చూశాను. 8,290. దుకాణానికి వెళ్లి బోర్డు వద్దని చెప్పాను. అక్కడే 2,200కు ఒక కంపెనీయేతర అడాప్టర్ ఇచ్చారు, దాని మీద 240 వాట్లు అని రాసి ఉంది, ల్యాప్‌టాప్ మాత్రం దాన్నీ గుర్తించలేదు, తిరిగి ఇచ్చేశాను. చివరికి కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ వెళ్లి, పార్క్‌లేన్‌లో 6,200కు అసలుది కొన్నాను. ల్యాప్‌టాప్ వెంట తీసుకుపోయి, కౌంటరు మీదే బయోస్ తెరిచి 240 వాట్లు అని చూశాకే డబ్బు ఇచ్చాను. ఆ మే నెలలోనే స్కోరు 8,210కి వచ్చింది, డిసెంబరు చలిలో 8,470. కొత్తలోని అంకెకు 70 తక్కువ, మూడున్నరేళ్ల తరువాత దాన్ని తప్పుపట్టను.

కొనమంటారా అని అడిగేవారికి నా జవాబు కొంచెం వంకరగా ఉంటుంది. ఎక్కువగా ఒకే బల్ల మీద ఉంచి వాడుకునే నాలాంటి వాడికి ఇది ఇప్పటికీ చాలు. నేను ఆడేవి పాత గేములు, 6 జీబీ గ్రాఫిక్స్ మెమరీ వాటికి సరిపోతుంది. కొత్త గేములను పూర్తి సొగసులతో ఆడాలనుకునే మా తమ్ముడికి చాలదు, ఆ మాట వాడు ముందే చెప్పాడు. రోజూ సంచిలో వేసుకొని బస్సులో తిరిగేవారికి, ఈ రకం ప్లగ్గు ఉన్నంతకాలం, నేను మనస్ఫూర్తిగా చెప్పలేను. నేను కూడా కళాశాలకు తీసుకుపోయే రోజుల్లో ఆ తీగను అడాప్టర్ ఇటుక చుట్టూ బిగించి చుట్టేవాణ్ణి, బల్ల మీద ఆ తీగ ప్లగ్గు మొదట్లో గోడకు ఆని మడత పడ్డట్టు వంగి ఉండేది.

పాత అడాప్టర్‌ను పారేయకుండా ప్లగ్గు మొదట్లో తీగ కోసి చూశాను. రెండు లావు తీగలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటి మధ్యన ఉన్న వెంట్రుక వంటి మూడో తీగ తెగిపోయి ఉంది. కాజీపేటలో ఒకాయన 350 రూపాయలు తీసుకొని కొత్త ప్లగ్గు తీగ అతికిచ్చాడు. ఇప్పుడు బయోస్ దాన్నీ 240 వాట్లు అనే గుర్తిస్తోంది. కొత్తది ఇంట్లో, పాతది కళాశాలలో ఉంటాయి, తీగ చుట్టే పనే లేదు.