గ్రాముకు 78 రూపాయలు: పాలమూరు రోడ్ల మీద తేలిక జెర్సీ, తేలిక బూట్లు

సైకిల్ తొక్కేటప్పుడు వేసుకునే నా పాత సెట్టు 1,260 గ్రాములు, కొత్తది 850. ఈ లెక్క మా వీధి చివర కిరాణా షాపు ఎలక్ట్రానిక్ కాంటా మీద తేలింది. జెర్సీ, బిబ్ షార్ట్స్ (భుజం పట్టీలు, కూర్చునే చోట ప్యాడ్ ఉన్న బిగుతు నిక్కరు), క్లీట్లు (పెడల్‌కు తగులుకునే ముక్కలు) బిగించిన బూట్లు, సాక్సులు, గ్లవ్స్ ఒక్కొక్కటే పెట్టి రాసుకుంటుంటే సేటు కందిపప్పు పొట్లాలు పక్కకు జరిపి, "బూట్లు జోకనీకి తెచ్చిన్రేంది సార్, అమ్ముతున్రా?" అన్నాడు.

అమ్మడం దేవుడెరుగు, కొన్నదానికే బాగా అయింది. బూట్లు 18,000, బిబ్ 7,500, జెర్సీ 4,500, గ్లవ్స్ 1,300, సాక్సులు 700. అంతా కలిపి 32,000. తగ్గింది 410 గ్రాములు. గ్రాముకు 78 రూపాయలు పడ్డట్టు. ఈ భాగహారం ఇంట్లో చెప్పలేదు, మీరూ చెప్పకండి. ఈ కొన్నవాటి కంపెనీల పేర్లు కావాలనే రాయడం లేదు. మోడళ్లు మారిపోతూనే ఉంటాయి, ఈ ధరకు ఇలాంటివే నాలుగైదు కంపెనీల్లో దొరుకుతాయి. ఏ వస్తువు మీద డబ్బు పెట్టొచ్చు, ఏది వదిలెయ్యొచ్చు అన్నదే ఇక్కడ చెప్పదలిచింది.

ముందు వేగం సంగతి తేల్చేద్దాం, అందరూ అడిగేది అదే కాబట్టి. మహబూబ్‌నగర్ నుంచి రాయచూర్ రోడ్డు పట్టుకుంటే మన్యంకొండ వస్తుంది. పేదల తిరుపతి అంటారు కదా, ఆ గుడికి ఘాట్ రోడ్డుంది. మా వైపు ఎక్కుడు తొక్కాలంటే మాకున్నది అదే. మనిషి, సైకిలు, నీళ్ల సీసాలు కలిపి 80 కిలోలు అనుకుందాం. అందులో 410 గ్రాములంటే అర శాతం. పది నిమిషాలు పట్టే ఎక్కుడులో ఆ అర శాతం వల్ల మిగిలేది మూడు సెకన్లు. మలుపు దగ్గర ఒక కోతి అడ్డమొస్తే పోయే టైం ఇంతకంటే ఎక్కువ. ఇక దేవరకద్ర దాకా ఉన్న చదును రోడ్డు మీద ఆ మూడు సెకన్లు కూడా లెక్కలోకి రావు. గంటకు 30 కిలోమీటర్లు దాటితే కాళ్ల బలంలో ఎక్కువ భాగం గాలిని చీల్చడానికే పోతుంది. అక్కడ బట్ట ఎంత బరువుందని కాదు, ఎంత బిగుతుగా ఉందని చూడాలి. నా పాత జెర్సీ భుజాల దగ్గర పటపటా కొట్టుకునేది, కొత్తది కొట్టుకోదు. చదును మీద నాకు తెలిసిన తేడా అంతా దీనివల్లే వచ్చింది.

ఇంకో మాట. బూట్లు పెడల్‌తో పాటు తిరుగుతాయి కాబట్టి అక్కడ తగ్గిన ఒక గ్రాము రెండు గ్రాములతో సమానమని సైకిల్ గ్రూపులో ఒకరైనా చెప్తారు. అది నిజం కాదు. ఒక కాలు కిందికి దిగుతుంటే రెండోది పైకి లేస్తుంది, ఈ బూటు బరువు ఆ బూటును లేపుతుంది. ఒకే లయలో తొక్కినంతసేపు బూటులో ఉన్న వంద గ్రాములకూ జేబులో ఉన్న వంద గ్రాములకూ తేడా లేనట్టే.

మరి 32,000 ఎందుకు పెట్టినట్టు? ఎండ కోసం. మన దగ్గర మార్చి నుంచి జూన్ దాకా పొద్దున ఎనిమిది దాటితే రోడ్డు పెనం అయిపోతుంది. ఆ వేడిలో గంటకు లీటరు చెమట పోవడం పెద్ద విషయం కాదు. మామూలు గాలిలో ఉన్నప్పుడే నూలు తన బరువులో దాదాపు 8 శాతం తేమ పట్టుకుంటుంది, పాలిస్టర్ అర శాతం కూడా పట్టుకోదు. కాటన్ టీషర్టు వేసుకుని తొక్కేవాళ్లకు ఆ తడి బరువేంటో తెలిసే ఉంటుంది. అయితే పాలిస్టర్ అయినా నేత మందంగా ఉంటే పోగుల మధ్య చెమట నిలుస్తుంది. మన్యంకొండ నుంచి తిరిగొచ్చిన వెంటనే రెండు జెర్సీలనూ వేర్వేరు రోజుల్లో తూచాను. పాతది 185 నుంచి 340కి పోయింది, కొత్తది 110 నుంచి 170కి. షాపులో 75 గ్రాములున్న తేడా ఒంటి మీద 170 అయింది. అదీ కాక కొత్తది కొండ దిగేలోపు వీపు మీద సగం ఆరిపోతుంది. చెమట ఆరితేనే కదా ఒళ్లు చల్లబడేది, బట్టలో ఇంకితే దాంతో ఏం లాభం?

జెర్సీలో నచ్చనిది కూడా ఉంది. వీపు భాగాన్ని వెలుతురుకు పెట్టి చూస్తే వెనకాల నా వేళ్లు లెక్కపెట్టొచ్చు, అంత పల్చన. ఎండ కూడా అంతే సులువుగా లోపలికొస్తుంది. ఒక ఆదివారం ఆలస్యంగా బయల్దేరి కోయిల్‌సాగర్ దాకా పోయొస్తే భుజాల మీద జల్లెడ అచ్చు వేసినట్టు చుక్కలు పడ్డాయి. సన్‌స్క్రీన్ జెర్సీ కింద కూడా రాసుకోవాల్సిందే. వెనక జేబులు కూడా సాగుతాయి. ఫోను, పంపు, ఒక ట్యూబు, రెండు అరటిపండ్లు పెడితే నడుం కిందికి వేలాడి, తొక్కుతుంటే అటూ ఇటూ ఊగుతాయి. పంపును సైకిల్ ఫ్రేముకు మార్చాక నయం.

ఇక బూట్లు. తగ్గిన 410లో 200 గ్రాములు వీటివే. పాతవి నైలాన్ సోల్, మూడు పట్టీలవి, జత 720. కొత్తవి కార్బన్ సోల్, పక్కన డయల్, జత 520, రెంటికీ క్లీట్లతో కలిపి. సోల్‌ను రెండు చేతులతో పట్టుకుని వంచబోతే వంగదు. పైభాగం అంతా ఒకే ముక్క, లోపల కుట్టు తగలదు. డయల్ తిప్పితే సన్నటి తీగ టకటకమని బిగుస్తుంది, నడుస్తున్న బండి మీదే ఒక చేత్తో సర్దుకోవచ్చు. కాళ్లు వేడికి వాచుతాయి కదా, గంట తర్వాత రెండు క్లిక్కులు వదులు చేసుకుంటే ప్రాణం లేచొస్తుంది. పాత పట్టీల బూట్లతో దీనికోసం ఆగాల్సి వచ్చేది. నా దృష్టిలో ఆ 18,000లో సగం విలువ ఈ డయల్‌దే.

గాలి కోసం సోల్‌కు ముందు భాగంలో రెండు రంధ్రాలున్నాయి. వీటి సంగతి కొనేముందు ఎవరూ చెప్పలేదు. యూరప్‌లో వాటిలోంచి గాలే వస్తుందేమో, పాలమూరులో ఎర్రమట్టి వస్తుంది. ఇన్‌సోల్ తీసి చూస్తే కింద చిటికెడు మట్టి, తెల్ల సాక్సు కొస ఇటుక రంగు. దుమ్ము డయల్‌లోకి కూడా పోయి ఒకసారి తిరగనని మొరాయించింది. గోరువెచ్చని నీళ్లలో పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే దారికొచ్చింది. అప్పటి నుంచి వారానికోసారి అదొక పని.

అసలు చిరాకు మడమ దగ్గర. గ్రాములు తగ్గించడానికి మడమ కింద రబ్బరు బిళ్లను బాగా పల్చగా చేశారు. పైగా అది సోల్‌కు అంటించేసి ఉంది, అరిగితే మార్చే వీల్లేదు. మనం పోటీ సైక్లిస్టులం కాదు, ప్రతి రైడ్‌లో చాయ్ కోసం దిగుతాం, కంకర మీద నడుస్తాం. వానాకాలం రాకముందే ఒక వైపు కార్బన్ కనబడుతోంది. సోల్ ముందు భాగంలో ఉన్న పసుపు రంగు షిమానో క్లీట్లు అరిగితే జత మార్చుకోవచ్చు. పాదాన్ని అటూ ఇటూ కలిపి మొత్తం ఆరు డిగ్రీలు కదలనిస్తాయి కాబట్టి మోకాళ్లకూ మంచివి. మడమకు ఆ దారి లేదు. మడమ బిళ్ల స్క్రూతో ఊడివచ్చే మోడల్ దొరికితే 30 గ్రాములు ఎక్కువున్నా అదే తీసుకోండి. ఈ ఒక్క కారణానికి ఈ బూట్లకు ఐదుకు మూడే ఇస్తాను. హోటల్లో టైల్స్ మీద వీటితో నడవకండి, చాయ్ గ్లాసుతో సహా కింద పడతారు.

క్లీట్ల స్టీలు బోల్టులు తీసేసి టైటానియంవి వేసుకోమని ఒక మిత్రుడి సలహా. ఆరు బోల్టులు మారిస్తే పది గ్రాములు కూడా తగ్గవు. ఇంటి తాళాలు, బీరువా తాళాలు, బండి తాళాలు ఉన్న నా గుత్తి తూచితే 160 వచ్చింది. ఒక్క తాళం చెవి ఉంచుకుని మిగతాది ఇంట్లో పెట్టాను, పైసా ఖర్చు లేదు.

బిబ్ గురించి కొంచెమే. ఇంకా తేలికైన రేసు బిబ్ ఉంది, వద్దనుకున్నాను. దాని ప్యాడ్ పల్చన, మన ఊరి రోడ్ల గతుకులు దానికి తెలియవు. నేను తీసుకున్నదాంట్లో ప్యాడ్ పాతదంత మందంగానే ఉంది, 60 గ్రాములు భుజం పట్టీల్లోనూ తొడ దగ్గరి అంచుల్లోనూ తగ్గాయి. అక్కడ తగ్గడమే సరి. పట్టీలు వల గుడ్డ, వీపు మీద ఉన్నట్టే తెలియదు. కోయిల్‌సాగర్ పోయిన రోజు చాయ్ బండి దగ్గర ఒక పెద్దాయన నన్ను కిందినుంచి మీది దాకా చూసి, "ఏం బిడ్డా, సర్కస్‌లకెల్లి వస్తున్నవా?" అన్నాడు. బిబ్ ఫిట్టింగ్‌కు అంతకంటే సర్టిఫికెట్ అక్కర్లేదు.

సాక్సులు బాగున్నాయి, ధర బాగాలేదు. పల్చటి నైలాన్, 25 గ్రాములు, ఉతికి దండెం మీద వేస్తే స్నానం చేసొచ్చేలోపు ఆరిపోతాయి. పోటీల్లో సైకిల్ 6.8 కిలోల కన్నా తేలిగ్గా ఉండకూడదని యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య) రూలు, బట్టల బరువుకు మాత్రం రూలు లేదు. సాక్సు ఎత్తుకు ఉంది, చీలమండకూ మోకాలికీ మధ్యలో సగం దాటకూడదట! గ్లవ్స్ మాత్రం దండగ. జెల్ తీసేసి 40 గ్రాములు తగ్గించారు, రాయచూర్ రోడ్డు మీద గంటకే అరచేతులు తిమ్మిరెక్కుతున్నాయి. పాత గ్లవ్స్‌కే తిరిగి వెళ్లిపోయాను. హెల్మెట్ జోలికి అసలు పోలేదు.

ఒకేసారి అన్నీ కొనే స్తోమత లేకపోతే ముందు జెర్సీ, తర్వాత బిబ్ తీసుకోండి. పాత బూట్లు పాడయ్యేదాకా కొత్త బూట్లు ఆగొచ్చు. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేవాళ్లు పాదం కొలత సాయంత్రం తీసుకోండి, పొద్దునకన్నా కాస్త పెద్దగా వస్తుంది. కార్బన్ సోల్ బూటు వాడేకొద్దీ సాగుతుందని ఆశపెట్టుకోవద్దు. వేళ్ల దగ్గర ఇరుకనిపిస్తే ట్యాగు తెంపకముందే వాపస్ పంపండి.