‘నో ఈస్ట్’ అంట సరే, ఇడ్లీ సంగతేంటి? ఫ్రిజ్ పిండి ప్యాకెట్ రివ్యూ

మా ఏరియా సూపర్‌మార్కెట్ ఫ్రిజ్‌లో దొరికే ఇడ్లీ దోశ పిండి ప్యాకెట్ గురించి ఇది. కంపెనీ పేరు రాయట్లేదు, హైదరాబాద్‌లో నేను వాడిన వాటిల్లో రెండు మూడు బ్రాండ్లు ఇంచుమించు ఇలాగే ఏడ్చాయి. కిలో 85 రూపాయలు. ముందే చెప్పేస్తున్నా, దోశకి ఓకే, ఇడ్లీకి మాత్రం ఇంక కొనను.

ప్యాకెట్ మీద పెద్ద పెద్ద అక్షరాలతో నో సోడా, నో ఈస్ట్ అని ఉంటుంది. సోడా లేదంటే సంతోషం. కానీ ఈస్ట్ లేదని గొప్పలేంటండీ, మన ఇళ్ళల్లో ఇడ్లీ పిండిలో ఈస్ట్ ఎవరు వేశారు అసలు? చలి దేశాల్లో పిండి పొంగక చిటికెడు కలిపేవాళ్ళు ఉన్నారనుకోండి, అది వేరే సంగతి, ఆ ఇడ్లీకి బ్రెడ్ వాసన వస్తుంది.

పిండిని పొంగించేది ఈస్ట్ కాదని 1965లోనే తేల్చారు, అదీ ఎక్కడో అమెరికాలో. కార్నెల్ యూనివర్సిటీకి న్యూయార్క్ రాష్ట్రంలోని జెనీవాలో ఒక పరిశోధన కేంద్రం ఉంది, అక్కడ ముఖర్జీ, స్టైన్‌క్రాస్ వాళ్ళ టీమ్ ఇడ్లీ పిండిలో ఏయే సూక్ష్మజీవులు ఏ టైమ్‌లో పెరుగుతున్నాయో చూస్తే ల్యూకోనోస్టాక్ మెసెంటరాయిడిస్ అనే బ్యాక్టీరియా దొరికింది. అది బియ్యం, మినప్పప్పుతో పాటే వస్తుంది, మనం ఏమీ కలపక్కర్లేదు, పులుపుకి లాక్టిక్ యాసిడ్, పొంగుకి కార్బన్ డయాక్సైడ్ రెండూ అదే తయారుచేస్తుంది. లాక్టిక్ బ్యాక్టీరియా ఒక్కటే పిండిని పొంగించడం తమకి తెలిసినంతలో ఇదే మొదటి రికార్డు అని కూడా రాసుకున్నారు. తర్వాత వేరేవాళ్ళు చేసిన స్టడీల్లో ఇడ్లీ పిండిలో ఈస్ట్‌లు కూడా కనిపించాయి, అంటే ప్యాకెట్ వాడు చెప్పేదానికి అర్థం ‘మేం కలపలేదు’ అని, అంతవరకే.

సరే గ్యాస్ పుడితే చాలదు కదా, అది పిండిలో నిలవాలి. ఇక్కడే ఈ ప్యాకెట్ తేలిపోయింది. మైసూరులోని కేంద్ర ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ వాళ్ళు దీని మీద చాలా పని చేశారు, మినప్పప్పులో ఉండే గ్లోబ్యులిన్ ప్రొటీన్, అరబినోగెలాక్టన్ అనే జిగురు పదార్థం కలిసి ఆ బుడగల్ని పట్టి ఉంచుతాయని తేల్చారు. అంటే మెత్తదనం అంతా మినప్పప్పు దగ్గరే ఉంది, బియ్యం కంటే ఖరీదైనదీ అదే. ప్యాకెట్ వెనక బియ్యం, మినప్పప్పు, మెంతులు, నీళ్ళు, ఉప్పు అని ఉంది గానీ పప్పు ఎంత వేశారో లేదు. తక్కువే వేశారని నా అనుమానం, ఎందుకంటే ఇడ్లీ వేడి మీద బాగానే ఉంటుంది, ఒక అరగంట పోతే రబ్బరు. పైగా బియ్యం రుబ్బిన పిండి, మనలా ఇడ్లీ రవ్వ వేసింది కాదు, కాబట్టి నోట్లో ఆ రవ్వ తగలదు, మా ఇంట్లో పెద్దవాళ్ళు ఒకటి తిని ప్లేటు పక్కన పెట్టేశారు.

దోశకి మాత్రం వంక పెట్టలేను. పెనం మీద బాగా తిరుగుతుంది, రంగు వస్తుంది, అంచులు కరకరలాడతాయి.

ఇంకో తలనొప్పి ఏంటంటే ఒకే తేదీ వేసిన ప్యాకెట్లలో ఒకటి చదునుగా ఉంటుంది, పక్కది దిండులా ఉబ్బి ఉంటుంది. ఫ్రిజ్‌లో పెట్టినంత మాత్రాన పులవడం ఆగిపోదు, నెమ్మదిస్తుంది అంతే, దారిలోనో షాపులోనో కాసేపు చల్లదనం పోయిందా మళ్ళీ జోరందుకుంటుంది. ఎక్స్‌పైరీ తేదీ ఒక్కటే చూసి తెచ్చుకోకండి, చేత్తో నొక్కి చూసి ఉబ్బనిది తీసుకోండి. ఇంటికొచ్చాక ఎంత వాడతారో అంతే గిన్నెలోకి తీసుకుని కాసేపు బయట పెట్టి వేసుకోండి, ఇడ్లీకైతే గరిటెతో తెగ కలిపేయకండి, ఉన్న గాలి కాస్తా పోతుంది. మూడో రోజుకి పులుపు ఎక్కువైతే ఉల్లిపాయ, పచ్చిమిర్చి తరిగి ఊతప్పం వేసేయండి, అల్లప్పచ్చడితో సూపర్ ఉంటుంది.

దోశకి నాలుగు స్టార్లు, ఇడ్లీకి రెండు, అవి కూడా సోడా వెయ్యనందుకు. పప్పు ఎంత శాతం వేశారో ప్యాకెట్ మీద రాస్తే ఇంకో పది రూపాయలు ఎక్కువైనా కొంటా.